తనిఖీకి ముందు రాత్రి

కడప జిల్లా వేముల మండలములోని తుమ్మలపల్లె వానలకు మొగము వాచిన సీమలోనిది. అచటి నేల రాతినేల. త్రాగునీరైనను సాగునీరైనను బోరు నీరే దిక్కు. అట్టి పల్లె రాతికిని నీటికిని జరిగిన కొలతలు మాత్రము సామాన్యముగా ఒక పల్లెకు ప్రాప్తించునవి కావు. ఆ రాతిలో యురేనియము ఉన్నది. దానిని తీయుటకై కేంద్రప్రభుత్వ సంస్థయగు యురేనియం కార్పొరేషన్ కర్మాగారమునకు 2007లో శంకుస్థాపన జరిగినది. 2012లో పని మొదలైనది. టన్ను రాతిని త్రవ్వి, పైకి తెచ్చి, పిండిచేసి, అది సున్నపుజాతి రాయి యగుటచే ఆమ్లమునకు బదులు క్షారముతో ఒత్తిడిలో ఉడికించినచో, దక్కెడి యురేనియము అర కిలోకు లోపే. లోపు అనిన ఎంత లోపు? ఈ ప్రశ్నకు కన్ను చెప్పలేదు, చేయి చెప్పలేదు. కొలతయే చెప్పవలెను.

మిగిలిన రాతిపిండియు నీరును కొట్టాల చెంత కట్టిన వ్యర్థముల చెరువునకు చేరును. 2018, 2019 సంవత్సరముల ప్రాంతమున కె.కె. కొట్టాల, మబ్బుచింతలపల్లె, భూమయ్యగారిపల్లె మున్నగు ఊళ్ల రైతులు తమ బోర్ల నీరు చెడినదనియు, అరటితోటలు దెబ్బతినుచున్నవనియు మొరపెట్టుకొనిరి. చెరువు వలన అట్టి దోషమేమియు కలుగలేదని సంస్థవారు చెప్పిరి. సీసాలు పట్టుకొని పలువురు వచ్చిరి, నీరు నింపుకొని పోయిరి. అంకెలు వచ్చినవి. అంకెలు వచ్చిన పిమ్మటను వాదము ఆగలేదు.

ఇది వింతగా తోచవచ్చును. కొలత వచ్చిన వెనుక వాదమేల? కాని కొంచెము ఆలోచించినచో అందు వింత లేదు. లీటరు నీటిలో యురేనియము 60 మైక్రోగ్రాముల వరకు ఉండవచ్చునని అణుశక్తి నియంత్రణ మండలి హద్దు పెట్టినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2004లో ఆ హద్దును 15 అన్నది. 2011లో 30 అన్నది. భారత ప్రమాణముల సంస్థయు తరువాత 30నే గ్రహించినది. ఇప్పుడు ఒక బోరు నీటిలో 45 ఉన్నదనుకొనవలెను. ఒక కాగితము ప్రకారము ఆ నీరు మంచిది, ఇంకొక కాగితము ప్రకారము చెడ్డది. హద్దులు పెద్దల నిర్ణయములు, అవి మారుచుండును. మారరానిది ఒక్కటే, ఆ దినమున ఆ సీసాలోని నీటిని కొలిచినవాడు చూచిన 45. ఆ 45 నిజముగా చూచినదేనా, లేక ఎవరికో అనుకూలముగా ఉండుటకై వ్రాసినదా? వాదము లోతున ఉన్న సందేహము ఇదియే. మైక్రోగ్రామన నేమో ఎరుగని రైతునకు గూడ ఈ సందేహము చక్కగా తెలియును. ఏలయనగా కాటా దగ్గర నిలుచుండి శనక్కాయలు అమ్ముకొనినవాడు అతడు.

ఈ సందేహము యురేనియమునకే పరిమితమైనది కాదు. సిమెంటు, ఇసుక, కంకర, ఇనుము, కాంక్రీటు, త్రవ్విన మట్టి, వీనినన్నిటిని పరీక్షించి కాగితము మీద అంకె వేసి ఇచ్చు చిన్న చిన్న ప్రయోగశాలలు నేడు జిల్లాలన్నిట వెలసినవి. పెద్ద సంస్థల ప్రయోగశాలలను గూర్చి పత్రికలు వ్రాయును. ఈ చిన్నవానిని గూర్చి ఎవరును వ్రాయరు. ఊరి బడికప్పు, మంచినీటి ట్యాంకు, వంక మీది వంతెన మాత్రము ఈ చిన్నవారి అంకెల మీదనే నిలుచును.

పులివెందుల చుట్టుపట్ల నొక చిన్న ప్రయోగశాలను ఊహించుకొనవచ్చును. రెండు గదులు, ముందొక రేకుల పంచ. ఒక గదిలో క్యూబులను నలగగొట్టు యంత్రము; రెండవదానిలో జల్లెడలు, త్రాసు, మట్టి నారబెట్టు ఓవెను, క్యూబులను నానవేయు నీటితొట్టి. యజమాని ఇంజనీరు. ఇద్దరు టెక్నీషియన్లు, ఒక సహాయకుడు, లెక్కలు వ్రాయు ఒక అమ్మాయి. ఐదు కుటుంబములు ఆ రెండు గదుల మీద బ్రతుకుచున్నవి.

ఆ ప్రయోగశాలలో జరుగు పని వినుటకు సులభమైనదే. పదునైదు సెంటీమీటర్ల కాంక్రీటు క్యూబును ఇరువదియెనిమిది దినములు నీటిలో నానవేసి, తీసి, యంత్రములో నలగగొట్టి, ఎంత బరువునకు నలిగెనో వ్రాయుట. సామాన్యముగా ఇండ్లకు వాడు కాంక్రీటు క్యూబు నలుగుటకు ముందు దాదాపు నలువదియారు టన్నుల బరువును మోయవలెను. ఇంతవరకు మొరటు పని. సూక్ష్మము తక్కినదానిలో ఉన్నది. నానవేసిన నీరు 27 డిగ్రీల వేడిమిలో, రెండు డిగ్రీల కంటె హెచ్చుతగ్గులు లేక ఉండవలెను. వేడినీటిలో కాంక్రీటు తొందరపడి గట్టిపడును, తొలిదినముల బలము హెచ్చుగా కనబడును. మే నెలలో 40 డిగ్రీలు దాటు రాయలసీమలో, కరెంటు పోవుచు వచ్చుచుండు చోట, తొట్టిలోని నీటిని 27 దగ్గర నిలుపుట ఎట్టి పనియో అచటివారికి చెప్పనక్కరలేదు. అందుకే తొట్టి ప్రక్క ఒక రిజిస్టరు ఉండును. ఉదయమొకసారి, సాయంత్రమొకసారి థర్మామీటరు చూచి అందు వ్రాయవలెను.

మరియొక నియమమున్నది. ఒక్క క్యూబును నమ్మరు, మూడింటిని నలగగొట్టుదురు. మూడింటి సగటునుండి ఏ ఒక్కటియు నూటికి పదునైదు వంతుల కంటె తొలగరాదు. తొలగినచో ఆ ఫలితము చెల్లదు. ఒక దినమున 21, 22, 15 వచ్చినవనుకొనవలెను. సగటు 19 మీద కొంచెము. 15 అనునది ఆ సగటునుండి ఇరువదిరెండు వంతులు తొలగినది. ఫలితము చెల్లదు, కారణము వెదకవలెను, కాంట్రాక్టరునకు కబురు చేయవలెను, బిల్లు ఆగును. ఆ 15కు మారుగా 19 అని వ్రాసినచో? సగటు 20 దాటును, తొలగుడు ఎనిమిది వంతుల దగ్గరకు వచ్చును, అందరును సుఖముగా ఇంటికి పోవుదురు. ఒక్క అంకెను దిద్దిన చాలును. ఇట్టి సులభమైన పాపము లోకమున మరియొకటి లేదేమో.

కాని ఇచట విచారింపదలచినది ఈ పాపమును గాదు. 15ను 19 చేసినవాడు దొంగ. వానిని గూర్చి ధర్మశాస్త్ర చర్చ అక్కరలేదు. విచారింపదగినది ఇంకొకటి, ఇంతకంటె మెత్తనిది, మంచివారు గూడ చేయునది.

ప్రయోగశాలలకు గుర్తింపునిచ్చు జాతీయ మండలి 1988 నుండి ఉన్నది, ఎన్.ఏ.బి.ఎల్. అని అందరును పిలుతురు. ఐ.ఎస్.ఓ. 17025 అను ప్రమాణగ్రంథము ననుసరించి ఆ మండలి పంపిన అసెసర్లు ఆయా కాలములందు వచ్చి యంత్రములను, రిజిస్టర్లను, మనుష్యులను పరీక్షింతురు. పరీక్షించువారికే పరీక్ష యన్నమాట. దీనినే ల్యాబువారు ఆడిట్ అందురు. గుర్తింపు పోయినచో ప్రభుత్వపు పనుల కాగితములు చాలవరకు ఆ గుమ్మము త్రొక్కవు.

ఆడిట్ రేపనగా, ఊహించుకొనిన ఆ రెండు గదులలో రాత్రి పదిగంటలకు గూడ దీపములు వెలుగుచున్నవి. యజమాని ఒక్కొక్క రిజిస్టరును తిరగవేయుచున్నాడు. తొట్టి రిజిస్టరులో మూడు దినముల గడులు ఖాళీగా ఉన్నవి. ఆ మూడు దినములు టెక్నీషియను లేడు; వాని అవ్వ చనిపోగా ఊరికి పోయినాడు. రెండవవాడు మట్టి నమూనాలకై సైటు మీద ఉన్నాడు. తొట్టిని చూచినవారు లేరు.

"ఆ మూడు దినాలకు 27 అని రాస్తే పోతాది గదా సార్," అన్నాడు సహాయకుడు. "ముందు దినం 27, తర్వాత దినం 27. నడుమ మాత్రం ఏమైతాది? ఎవురు జూసొచ్చినారు?"

సహాయకుని మాటలో దురాశ లేదు. తర్కము గూడ కొంత ఉన్నది. చలనియంత్రము ఆ మూడు దినములు చెడలేదు. కరెంటు ఎక్కువగా పోలేదు. నీరు 27 దగ్గరనే ఉండియుండును. వ్రాయబోవు అంకె బహుశః నిజమే. ఎవరికిని హాని లేదు. వ్రాయకున్నచో ఐదు కుటుంబములకు హాని కలుగవచ్చును. బహుశః నిజమైన అంకెను, హాని లేని అంకెను, ఐదిండ్ల పొయ్యి వెలిగించు అంకెను వ్రాయుట అసత్యమగునా? ఇదియే ప్రశ్న.

ఇట్టి ప్రశ్నకు సమాధానము పుస్తకములలో గాక ఒక పాత సంగతిలో దొరకును. ఇంగ్లండులోని సెల్లాఫీల్డు అణుకేంద్రమున జపాను విద్యుత్కేంద్రముల కొరకు యురేనియము, ప్లుటోనియము కలిపిన ఇంధనపు గుళికలను తయారుచేయుచుండిరి. ప్రతి గుళిక అడ్డుకొలతను యంత్రము కొలుచును. ఆ పైని కొనువారి తృప్తికొరకు కొన్ని గుళికలను ఏరి మనుష్యుడు మరల కొలిచి అంకెలు ఎక్కింపవలెను. ఇది విసుగు పుట్టించు పని. యంత్రము ఎటులైనను కొలిచినది గదా యని కొందరు పనివారు మరల కొలుచుట మాని, మునుపటి పట్టికలలోని అంకెలనే తెచ్చి క్రొత్త పట్టికలలో అతికించిరి. 1999లో ఇది బయటపడినది. బ్రిటిషు నియంత్రణాధికారులు విచారించి, ఇంధనము వరకు భద్రమైనదనియే భావించిరి. గుళికలు బాగుగనే ఉన్నవి. అంకెలు మాత్రమే అబద్ధము. అయినను జపానువారు దానిని వాడనొల్లలేదు. 2000లో ఆ సంస్థ ముఖ్యాధికారి పదవి విడువవలసి వచ్చినది. అంతదూరము ఓడలలో పోయిన ఇంధనము 2002లో ఓడలలోనే వెనుకకు వచ్చినది.

మంచి గుళికలను జపానువారేల వెనుకకు పంపిరి? వారు మూర్ఖులు గారు. ఏ పుట కొలిచి వ్రాసినదో, ఏ పుట అతికించినదో బయటివారికి తెలియు దారి లేకపోయినది. ఒక పుటలో కొలవని అంకె ఉన్నదని తెలిసిన క్షణమున తక్కిన పుటలలోని కొలిచిన అంకెలు గూడ మాట పోగొట్టుకొనినవి. నిజాయితీగా కొలిచిన పనివాని కష్టము, కొలవనివాని సోమరితనముతో బాటు సముద్రము పాలైనది. సహాయకుడు అడిగినది మూడు గడుల సంగతి. ఆ మూడు గడులు నిండినచో, రిజిస్టరులో తక్కిన మూడువందల గడులకు ఇక సాక్షి ఎవరు?

ఇంకొక మాట. వ్రాసిన 27 నిజమే కావచ్చును. కాని రిజిస్టరులోని గడి "నీరు 27 డిగ్రీలున్నది" అని మాత్రమే చెప్పదు. "ఈ దినమున, ఈ వేళకు, ఈ చేయి థర్మామీటరును ముంచి, ఈ కన్ను చూచినది" అని గూడ చెప్పును. మొదటి వాక్యము నిజమైనను రెండవది అబద్ధము. గడి క్రింద పెట్టు పొడి అక్షరములు మొదటి వాక్యమునకు గావు, రెండవదానికే.

శరణుల కథలలో ఆయ్దక్కి లక్కమ్మ కథ ఇచట జ్ఞప్తికి రాక మానదు. నేల రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి దాసోహము చేయుట మారయ్య కాయకము. ఒకనాడు అతడు ఎప్పటికంటె హెచ్చుగా గింజలు తెచ్చెను. దొంగిలించినవి గావు, నేల మీదివే. అయినను లక్కమ్మ వానిని ఇంట పెట్టనీయక తిరిగి పోసి రమ్మన్నది. ఈ కథను అందరును దురాశకు విరుద్ధమైన ఉపదేశముగా చెప్పుదురు, అది సరియే. కాని అందు ఇంకొక సూక్ష్మమున్నది. లక్కమ్మ అడిగినది గింజ మంచిదా చెడ్డదా యని కాదు. ఈ గింజ నేటి పనికి తగినదేనా యని. అంకెయు గింజవంటిదే. థర్మామీటరు చూచినవానికి దక్కు కూలి ఆ అంకె. చూడని దినమునకు అంకె వేసికొనుట చేయని పనికి కూలి తెచ్చుకొనుట. గింజ ఎంత తెల్లనిదైనను అది ఏరిన గింజ కాదు.

ఇక ఐదు కుటుంబముల మాట. దీనిని తేలికగా కొట్టివేయుట తగదు. కడుపు నిండినవాడు సత్యమును గూర్చి చెప్పు నీతులు ఆకలిగొన్నవాని చెవికి ఎక్కవు. ఎక్కవలసిన పనియు లేదు. కొందరు ఇట్లు ఓదార్చుదురు: ఖాళీ గడులను జూచి అసెసరు గుర్తింపు తీసివేయడు, లోపమని వ్రాసి, కారణమడిగి, దిద్దుకొనుటకు గడువిచ్చును, దొంగ అంకె బయటపడినప్పుడే గుర్తింపునకు ముప్పు, కాబట్టి నిజమే లాభము. ఇందు చాలవరకు వాస్తవమే. ఆ ప్రమాణగ్రంథము లోపములు లేని ప్రయోగశాలను కోరుట లేదు. లోపమును తాను కనుగొని, దాని ప్రభావము ఎంతవరకు పోయినదో తూచి, మరల రాకుండ చూచుకొను ప్రయోగశాలను కోరుచున్నది. కాని సత్యమునకు ఈ లాభపు లెక్కను పునాదిగా వేయుట ప్రమాదము. నిజము చెప్పినవాడు ఎన్నడును నష్టపోడని హామీ యిచ్చుట చిన్నపిల్లల కథలలో చెల్లును. అసెసరు కఠినుడు కావచ్చును. ఆ నెల పని పోవచ్చును. అట్లు పోయినను 27 అనునది చూడని అంకెయే.

నష్టము వచ్చునప్పుడు అది ఎవరి మీద పడవలెను? ఈ సంగతి చాలమంది విడిచిపెట్టుదురు. ముందురాత్రి యజమాని నోట సామాన్యముగా వచ్చు మాట ఒకటి ఉన్నది: "రిజిస్టర్లన్నీ కంప్లీట్ చేయండి." అబద్ధము వ్రాయుమని అతడు చెప్పలేదు. చెప్పడు. కంప్లీట్ అను ఆ మెత్తని మాట చెప్పి తన గదిలోనికి పోవును. తక్కినది నెలకు కొద్ది జీతము తెచ్చుకొను కుర్రవాని చేయి వ్రాయును, వాని పొడి అక్షరములే గడి క్రింద పడును. పట్టుబడినచో కుర్రవాడు పోవును. పట్టుబడకున్నచో గోడమీద గుర్తింపు పత్రము యజమాని పేర మెరయును. లోకమున పెద్ద అబద్ధములు చాలవరకు ఇట్లే జరుగును. చెప్పినవాడు వ్రాయలేదు, వ్రాసినవాడు తలపెట్టలేదు. అందుచేత ఈ విషయమున బాధ్యతను తూచునప్పుడు చేయి వ్రాసినదానికంటె నోరు చెప్పక చెప్పినదానికి బరువు హెచ్చు వేయవలెను. కుర్రవాడు లేని మూడు దినములకు ఇంకొకనిని నియమింపని తప్పు కూడ యజమానిదే గదా. మూడు ఖాళీ గడులు నిజముగా చెప్పుచున్నది నీటి సంగతి కాదు, ఆ ఏర్పాటు లేమి సంగతి. వానిని నింపినచో ఆ లేమి కప్పబడును. వచ్చు ఏడు మరల అట్లే జరుగును.

అసెసర్లలోను తప్పు లేకపోలేదు. నిండిన పుటలను జూచి తల యూపి, ఖాళీ గడిని జూచి కనుబొమలు ముడుచువారు, తెలిసియో తెలియకయో, నింపుటను నేర్పుచున్నారు. నేర్పరియైన తనిఖీదారు చూపు మరియొక రీతిగా ఉండును. మూడు నెలల పుటలు ఒకే సిరాతో, ఒకే వ్రాత వాలుతో, ఒక్క కొట్టివేత యైనను లేక ముత్యములవలె ఉన్నచో అతనికి ముందుగా అనుమానము కలుగును. 27, 27, 27 అని నలువది దినములు వరుసగా ఉన్నచో థర్మామీటరును తెప్పించి చూచును. నిజమైన నీరు 26.4 అగును, 27.9 అగును, ఒక మధ్యాహ్నము 29 దాటి గుండెలదరగొట్టును. బడులలో ఇన్‌స్పెక్టరు వచ్చుదినమున హాజరుపట్టీలో అందరును వచ్చినట్లుండుట, బల్లల మీద సగము మందియే కనబడుట ఎరిగినవారికి ఈ సంగతి క్రొత్త కాదు.

అట్లని తనిఖీకి ముందు సిద్ధపడుటయే కపటమని చెప్పరాదు. ఇది రెండవ చివరి పొరపాటు. నియమనిష్ఠలు మిక్కుటముగా గలవారు ఇందు పడుదురు. నిత్యము సిద్ధముగా ఉన్నవానికి ముందురాత్రి పని యేల అని వారి వాదము. జంగముడు వచ్చుచున్నాడని తెలిసినచో ఇల్లు అలికి ముగ్గుపెట్టుట కపటమగునా? ముందురాత్రి చేయదగిన పనులు ఎన్నియో ఉన్నవి. యంత్రముల క్యాలిబ్రేషన్ పత్రములు గడువులోపలివా యని చూడవచ్చును. త్రాసును ప్రమాణపు తూనికరాయితో సరిచూచి ఆనాటి అంకె వేయవచ్చును. నలిగిన క్యూబుల ముక్కలను ఊడ్పించవచ్చును. ఏ నివేదిక ఏ పుటలోని అంకెలనుండి పుట్టినదో వెనుకకు పోయి చూచుకొనవచ్చును. ఏ చోట దారి తెగినదో తానే కనుగొనవచ్చును. ఇవన్నియు శుద్ధమైన పనులే. శుద్ధమునకును అశుద్ధమునకును నడుమ గీత చాల సన్ననిదియు, చాల స్పష్టమైనదియు. నేడు చేసిన పనికి నేటి తేదీ వేసినచో అది సిద్ధపాటు. నేడు చేసిన పనికి నిన్నటి తేదీ వేసినచో అది వేషము.

ఈ గీతను ఆ ప్రమాణగ్రంథము గూడ తన పొడిమాటలలో చెప్పినది. వ్రాసిన అంకెను మార్చవలసి వచ్చినచో మునుపటిదానిని చెరుపరాదు. పాతదియు క్రొత్తదియు రెండును నిలిచియుండవలెను, ఎవరు మార్చిరో ఎన్నడు మార్చిరో తెలియవలెను. అందుకే మంచి ల్యాబులలో తప్పు అంకె మీద ఒకే గీత గీసి, పాతది చదువుటకు వీలుగా ఉంచి, ప్రక్కన సరియైనది వ్రాసి, పొడి అక్షరములు, తేదీ వేయుదురు. వైట్‌నర్ సీసాను గుమ్మము లోపలికి రానీయరు. పొరపాటును దాచక, దిద్దుబాటును దాచక, రెండింటిని ఒకే పుటలో నిలువనిచ్చుట! మనుష్యులు తమ బ్రతుకులను గూర్చి ఇంత నిజాయితీ పాటించుట అరుదు. ఒక కార్యాలయపు నియమములో ఇది దొరకుట ఆశ్చర్యమే.

లెక్క అడిగిన ఘట్టము బసవేశ్వరుని చరిత్రలోనే ఉన్నది. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చెప్పిన ఆ కథ తెలియని శరణుల ఇల్లు ఉండదు. భండారి బసవడు రాజధనమును జంగములకు ధారపోయుచున్నాడని ఓర్వలేనివారు బిజ్జలునితో కొండెములు చెప్పిరి. రాజు లెక్క అడిగెను. పెట్టెలు తెరచి లెక్కించి చూడగా మాడయైనను తగ్గలేదు. భక్తులు దీనిని శివుని మహిమగా చదువుదురు. మహిమ తమకు జరుగునని ఎదురుచూచు హక్కు చిన్న ల్యాబు యజమానికి లేదు. ఖాళీ గడి దానంతట అది నిండదు. కాని మహిమకు ముందు జరిగిన చిన్న పని ఒకటి ఉన్నది, అది అందరికిని సాధ్యమైనది. లెక్క అడిగినప్పుడు బసవేశ్వరుడు గడువు కోరలేదు. ఒక్క రాత్రి యైనను కోరలేదు. పెట్టెలు ఉన్నవి ఉన్నట్లు తెరిపించెను.

ఊహించిన ఆ రెండు గదులలో మరునాడు ఏమి జరిగియుండును? యజమాని చివరకు కలము మూసినాడనుకొనవచ్చును. ఖాళీ గడుల ప్రక్కన ఆనాటి తేదీతో "ఈ మూడు దినములు చూడలేదు, చూచువారు లేరు" అని తానే వ్రాసి, తన పొడి అక్షరములే పెట్టినాడు. అసెసరు ఉదయము వచ్చి ఆ పుట దగ్గర ఆగినాడు. టెక్నీషియనును పిలిచి అడిగినాడు. "మా అవ్వ పోయింది సార్, నేను ఊర్లో లేను" అని వాడు చెప్పినాడు. అసెసరు తన కాగితములో లోపమని వ్రాసికొని తరువాతి రిజిస్టరు తెమ్మన్నాడు.

ఆ మూడు దినములు తొట్టిలో ఉన్న క్యూబులు కొన్ని ఒక నీటిట్యాంకువి. వాని నివేదిక వారము తరువాత తయారైనది. బలము చాలినంత ఉన్నది. క్రింద మాత్రము, మూడు దినములు నీటి వేడిమిని చూడలేదని ఒక పంక్తి ఉన్నది. కాంట్రాక్టరు మనిషి వచ్చి, కాగితమును రెండుమార్లు చదివి, "ఈ లైను తీసేయరాదా సార్?" అన్నాడు. తీయరాదన్నారు. అతడు కాగితమును మడచి జేబులో పెట్టుకొని, కడపలో ఇంకే ల్యాబులున్నవని సహాయకుని అడిగి, మోటారుసైకిలు ఎక్కినాడు.